సినిమా తెలుగు

చీమకుర్తిలో ఒంగోలు బస్సెక్కాను. పక్క సీట్లో గ్రానైట్ క్వారీ కూలీ, కనుబొమ్మల నిండా రాతిపొడి. భుజం తగిలితే ఒళ్లు కాలిపోతోంది.

"ఒంట్లో బాలేదా?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నుదుటి మీద చెయ్యిపెట్టి చూపిస్తే తలూపాడు.

"బీహార్ అన్నా. తెలుగు సినిమా చూసి నేర్చుకున్నా," అన్నాడు.

క్వారీలో తనతో మాట్లాడేవాళ్లు లేరట. పనయ్యాక షెడ్డులో ఫోన్లో సినిమాలే తోడట. సినిమా హీరోలకు ఎప్పుడూ ఒంట్లో బాగానే ఉంటుంది కాబోలు, ఆ మాట అతని దాకా రాలేదు.

కిటికీ మూసి నా తువ్వాలు కప్పాను. అతన్ని ఆసుపత్రి దగ్గర దించమని కండక్టర్‌కు చెప్పాను. దిగబోతూ మెట్టు మీద ఆగి, గుండె మీద చెయ్యేసుకుని, బస్సంతా వినపడేలా అన్నాడు:

"అన్నా, మళ్లీ జన్మంటూ ఉంటే నీకు తమ్ముడిగానే పుడతా."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీశాక, గుంటూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. చాన్నాళ్లయింది చేసి.

"ఏంటన్నయ్యా, ఏదన్నా పనా?" అన్నాడు.

"ఏం లేదురా," అన్నాను.

ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకలేదు.