రెండు క్యాసెట్లు, రెండు వైర్లు

ఆ రోజుల్లో వీడియో మిక్సింగంటే మహా విద్య అనీ, డిగ్రీ చదివిన పిల్ల ఒకతి వైర్లు తప్పు కలిపి ఒక మనిషినే చెరిపేసిందనీ పొదిలిలో మా పాత యజమాని ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తున్నాడట. ఊళ్లో ఆయన్ని డైరెక్టరుగారనేవారు. (ఆయన డైరెక్టు చేసినవన్నీ పెళ్లి భోజనాల బంతులే.) ఆ పిల్లని నేనే. వైర్లు నేను ముట్టుకోనే లేదు.

ఒకావిడ క్యాసెట్టు పట్టుకుని మా వీడియో షాపుకి వచ్చింది. ఆమె భర్త పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయి నెల కూడా కాలేదు. చుట్టాల పెళ్లి వీడియోలో సాంబారు వడ్డిస్తూ నాలుగు నిమిషాలు కనిపిస్తాడు. "ఆయన కదిలేది ఇందులో ఒక్కదాన్లోనేనమ్మా. కింద పేరు రాసియ్యండి. ఆదివారం జ్ఞాపకార్థ కూటంలో వేస్తాం" అంది.

పని చిన్నదే. అసలు క్యాసెట్టు మొదటి డెక్కులో ఆడుతుంది. దాని వైరు టైట్లరుకి, అంటే బొమ్మమీద అక్షరాలు వేసే పెట్టెకి, వెళుతుంది. అక్కణ్ణుంచి ఇంకో వైరు రెండో డెక్కుకి. అందులోని ఖాళీ క్యాసెట్టు మీద బొమ్మా పేరూ కలిసి ఎక్కుతాయి. అక్షరాల రంగు దగ్గరే డైరెక్టరుగారికీ నాకూ చెడింది.

"ఎరుపు పెట్టు. మిరపపండులా కనపడుద్ది."

"చనిపోయిన మనిషండీ. తెలుపు పెడదాం."

"నువ్వు బీయస్సీ అయితే అయ్యావుగానీ, షాపు నాది."

"షాపు మీదేనండీ. చావు మీది కాదుగా."

అంతటితో మాటలు బంద్. ఎరుపే పెట్టాను.

తీరా చూస్తే టీవీలో పేరు వచ్చింది, మనిషి రాలేదు. వెనక వైర్లు అటూ ఇటూ అయి, రెండో డెక్కులోని ఖాళీ క్యాసెట్టు బొమ్మే వస్తోందని ఇద్దరికీ అర్థమైంది. బల్ల వెనక్కి ఎవరు దూరతారులెమ్మని నేను ముందునుంచి క్యాసెట్లు అటుదిటు మార్చాను. అదే సమయంలో ఆయన వెనక దూరి వైర్లు మార్చాడు. (అలిగినవాళ్లు ఒకరి చేతులొకరు చూసుకోరు.) నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆయన లేచి వచ్చి, రెండో డెక్కులో ఉన్నది ఖాళీ క్యాసెట్టే అనుకుని రికార్డు మీట నొక్కి టీకి వెళ్లాడు. ఆ చప్పుడు విన్నాను. తల తిప్పలేదు.

సాయంత్రం ఆవిడ ముందు వేశాం. ఆవిడ తెచ్చిన అసలు క్యాసెట్టు మీదే నల్లటి తెర, ఎర్రటి పేరు, నాలుగు నిమిషాలు. చివర్న బకెట్టు పట్టుకుని వెళ్లిపోతున్న వీపు, రెండు క్షణాలు.

"పిల్ల క్యాసెట్లు మార్చేసిందమ్మా."

"వైర్లు మార్చింది ఈయనండీ."

ఆవిడ ఎదుటే చాలాసేపు వాదించుకున్నాం. నేనే నెగ్గాననుకుంటాను. అంతా అయ్యాక ఆవిడ, "ఇద్దరూ ఈ గదిలోనే ఉన్నారు గదమ్మా" అని, క్యాసెట్టు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆదివారం కూటంలో దాన్నే వేశారట. పేరు ఉన్నంతసేపూ ఎవరూ లేవలేదట.

కిటికీ దగ్గర మూతి ముడుచుకుని నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు. మాటకి మాట చెప్పందే ఊరుకోనని ఇంట్లోనూ కాలేజీలోనూ నాకు పేరు. అంత నోరున్నదాన్ని, "క్యాసెట్లు మార్చానండీ" అని ఆ పూట ఒక్క మాట ఎందుకు అనలేకపోయాను?