జీపు కింద నుంచి నాలుగు దెబ్బలు

అబద్ధమైతే నా చేతికి మళ్ళీ పానా దక్కకూడదు... అంతకంటే పెద్ద ఒట్టు నాకు తెలీదు. ఇది జరిగింది. ఆళ్లగడ్డలో, చాగలమర్రి రోడ్డు మీద, మా షెడ్డులోనే.

మా ఆయన మస్తాన్ మెకానిక్. నేను పానాలు అందిస్తాను. చదువు నాకు పెద్దయ్యాకే వచ్చింది. అంకెలైతే ముందు ఈ పానాల మీదే, వేలితో తడిమి నేర్చుకున్నాను. బండి కింద పడుకున్నవాడు నోరు తెరిస్తే ఆయిల్ నోట్లో పడుతుంది. అందుకని మా ఆయన మాట్లాడడు. ఆయిల్ ఉండే ఛాంబరు మీద వేలి కణుపుతో కొడతాడు. ఒక దెబ్బకు పద్నాలుగు నంబరు. రెండుకు పదిహేడు. మూడుకు పంతొమ్మిది. నాలుగు అనేది మాకు లేదు.

ఆ రాత్రి రుద్రవరం ఓబులేసు జీపు తెచ్చాడు. ఆయిల్ బంకలా అయిపోయింది. తెల్లారితే వాళ్ళమ్మను డయాలిసిస్‌కు నంద్యాల తీసుకుపోవాలి. ఆమె బస్సులో కూర్చోలేదు.

"ఈ ఆయిల్‌తో పోతే దోవలోనే ఇంజిన్ పట్టేస్తాది," అని మా ఆయన కింద దూరాడు. ఆయిల్ దింపే బోల్టుకు పదిహేడు రింగు పానా వేశాడు. జారింది. మళ్ళీ జారింది. బయటికొచ్చాడు.

"ఎవరప్పా ఈ బోల్టు బిగించింది? తల మూలలన్నీ అరిగిపోయినాయి."

"నేనేన్నా."

"ఏం తిని బిగించినావప్పా? ఉలితో కొట్టి చూస్తా. తల ఊడిందంటే మాత్రం నంద్యాల మాట మర్చిపో."

ఓబులేసు మొహం చిన్నబోయింది. ఉలి కోసం ఇద్దరూ బైకెక్కి వెల్డింగ్ షాపాయన ఇంటికి పోయారు. అంతలో కరెంటు పోయింది.

పానాల పెట్టె పక్కన ఒక్కదాన్నే కూర్చున్నాను. చీకటి...

టక్... టక్.

జీపు కింద నుంచి.

బైకు చప్పుడు వినలేదే... అయినా చేయి అలవాటుగా పోయింది. పదిహేడు రింగు తీసి కిందికి చాచాను. ఒక చేయి దాన్ని తాకింది. మెల్లగా... వెనక్కి నెట్టింది.

"అప్పుడే వచ్చినావా? ఓబులేసు యాడ?"



టక్... టక్... టక్... ... టక్.

"నాలుగేందీ?"

ఊపిరి చప్పుడు కూడా లేదు. నా వేళ్ళు పెట్టెలోకి పోయాయి. నేను పంపలేదు... పోయాయి. అడుగున, ఎప్పుడూ వాడని సాకెట్ ఒకటి. అంచు తడిమాను. ఒకటి... ఆరు. పదహారు. లోపల రింగు పానాకు ఉన్నట్టు పన్నెండు పళ్ళు లేవు. ఆరే మూలలు. అరిగిన తల మీదికి ఒక సైజు తక్కువది కొట్టి ఎక్కిస్తే ఆరు వైపులా గట్టిగా పట్టుకుంటుంది. అబ్బ, ఏం ఆలోచన అనుకున్నాను.

పిడి తగిలించి ఇచ్చాను. సుత్తి కూడా. తీసుకున్న వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఠప్... ఠప్. తొందర లేని దెబ్బలు. పని తెలిసిన చేయి అది, వింటేనే తెలుస్తుంది. తర్వాత కిర్ర్...ర్ర్. తొట్టిలోకి ఆయిల్ ధార.

అప్పుడు... రోడ్డు మీద బైకు లైటు. మా ఆయన. వెనక ఉలి పట్టుకుని ఓబులేసు.

జీపు కిందికి వేలు చూపించాను. మా ఆయన టార్చి వేశాడు. ఎవరూ లేరు. గుడ్డ మీద తుడిచి పెట్టిన బోల్టు, పక్కనే వాషరు, ఆ పదహారు సాకెట్.

ఆయన బోల్టును తిప్పి తిప్పి చూశాడు. "దీని మరల చుట్ల మీద ఒక్క గీత పడలేదు. నేనైతే చెడగొట్టుండేవాణ్ణి. ఎట్ల తట్టింది నీకు?"

"నేను కాదు."

"మెచ్చుకుంటాంటే దొంగతనం మోపినట్టు జూస్తావేందే?"

కొత్త బోల్టు వేశాడు, కొత్త ఆయిల్ పోశాడు. తెల్లారకముందే జీపు పోయింది.

నేనే దూరి, తీసి, మర్చిపోయానా? నా చీర మీద ఒక్క ఆయిల్ చుక్క లేదు. మా ఆయన మాత్రం వచ్చినవాళ్ళందరికీ నా గురించే గొప్పగా చెబుతాడు.

ఆ సాయంత్రం నంద్యాల నుంచి తిరిగొస్తూ ఓబులేసు షెడ్డు ముందు ఆపాడు. వాళ్ళమ్మ సీట్లోంచే నా చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "బంగారు చెయ్యి తల్లీ," అంది.

నాది కాదు పెద్దమ్మా అనబోయాను. మరి ఎవరిదని అడిగితే...