జమ్మలమడుగులో కదిలిపోయిన ఫొటో

రైళ్ల పిచ్చి ఉన్నవాణ్ణి జనం వింతగా చూడటం నాకు అలవాటే. జమ్మలమడుగు స్టేషన్లో మాత్రం ఒకావిడ నన్ను చూసి హడలిపోయింది.

నాది విజయవాడ. ఫొటోలు తీసుకుందామని ప్రొద్దుటూరులో బస చేసి, ఆ రోజు జమ్మలమడుగు వెళ్లాను. ఆ దారిలో రైళ్లు తక్కువ. ఖాళీ ప్లాట్‌ఫారం మీద పుస్తకం చదువుకుంటూ, మధ్యమధ్య లేచి అంచుదాకా వెళ్లి పట్టాలకేసి తొంగి చూస్తున్నాను. కెమెరా ఇంకా సంచిలోనే ఉంది.

పక్కన మేకలు మేపుతున్న పెద్దావిడ వచ్చి, "యాడికి పోతాండావు నాయనా?" అంది.

"ఎక్కడికీ లేదు పెద్దమ్మా. ఊరికే రైలు చూద్దామని."

ఆమె మేకల్ని వదిలేసి నా పక్కన కూర్చుంది. మూట విప్పి జొన్నరొట్టె పెట్టింది.

"ఇంట్లో ఏమన్నా కొట్లాడినావా? పిల్లోళ్లుండారా?"

ఒక పాప ఉందన్నాను. ఎంత కలుపుగోలు మనిషో అనుకున్నాను.

కూత వినబడగానే కెమెరా తీసి అంచుకు పరిగెత్తాను. రైలు దగ్గరికొచ్చింది. మీట నొక్కుతుండగా పెద్దావిడ వెనక నుంచి నా చొక్కా పట్టుకుని బలంగా లాగింది.

"వద్దు నాయనా! నీ పాప మొగం తలుచుకో!"

తేరుకుని కెమెరా చూపించాను. "రైలు చూడటానికే వచ్చానని చెప్పాను కదా పెద్దమ్మా!"

"ఉత్త రైలు చూసేదానికి యాడన్నా వస్తారా అప్పా? ప్రభువుకు స్తోత్రం," అంటూ కళ్లు తుడుచుకుంది. చొక్కా మాత్రం రైలు వెళ్లిపోయేదాకా వదల్లేదు.

ఆ ఫొటోలో రైలు అలుక్కుపోయింది. నా దగ్గర చక్కటి స్టేషన్ ఫొటోలు బోలెడున్నాయి. మా పాప గదిలో గోడకు తగిలించింది మాత్రం అదొక్కటే.