ఆవ పెట్టిన కూర, మడవని విస్తరి

విజయనగరంలో నేను మొదటిసారి భోజనానికి వెళ్ళిన హోటల్లో నన్ను విస్తరి ముందు నుంచి లేపారు. అరవై ఏడులో మాట. ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

చీపురుపల్లి నుంచి గుమస్తా ఉద్యోగానికి కొత్తగా వచ్చాను. గంటస్తంభం వెనక సందులో ఒక భోజన హోటలు ఉందని, అక్కడి వంట ఊళ్ళో ఇంకెక్కడా దొరకదని ఆఫీసులో అందరూ చెప్పారు. పొడుగాటి బల్లల ముందు జనాన్ని బంతులుగా కూర్చోబెట్టేవారు. ఒక బంతి లేస్తే గాని ఇంకో బంతికి చోటు ఉండదు. నాకు మొదటి బంతిలో చివర చోటు దొరికింది. అడ్డాకుల విస్తరి వేశారు. నీళ్ళు చల్లి తుడుచుకున్నాను. అంతలో బెల్లం షావుకారు ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. హోటలాయన గబగబా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబూ, తవరు కుర్రోలు. కూసింత లెగండి. సావుకారు బేగి ఎల్లాల. తవరికి రెండో బంతిలో ఏసెస్తాను."

"విస్తరి వేశాక లేపుతారా?" అన్నాను.

"అన్నం ఒడ్డించనేదు గదేటి బాబూ!" అన్నాడు, అక్కడితో తప్పంతా తీరిపోయినట్టు.

లేచాను. నేను తుడుచుకున్న విస్తరిలో షావుకారు అన్నం తింటుంటే గుమ్మం పక్కన నిలబడి చూశాను. ఆయన నా వంక ఒక్కసారి కూడా చూడలేదు.

రెండో బంతిలో నాకు వడ్డించిన కూర పేరు చెప్పాలి. పనసపొట్టు ఆవ పెట్టిన కూర. మొదటి బంతి వాళ్ళకి అది అందలేదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవ ఘాటు ముక్కులోంచి నడినెత్తికి పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకే చింతపండు పులుపు, వేగిన మినప్పప్పు, పంటి కింద మెత్తగా తెగే పనసపొట్టు. మా అమ్మ చేసే కూరకి కూడా ఆ పదును లేదు. లేపడం వల్లే నాకా కూర దక్కిందని మర్నాడు ఆఫీసులో ఒకాయన నవ్వాడు. ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. కూర బాగుండడం వేరు, నన్ను లేపడం వేరు.

మావైపు భోజనం బాగుంటే విస్తరిని తనవైపు మడిచి లేస్తారు. తృప్తిగా తిన్నాను, మళ్ళీ వస్తాను అని దాని అర్థం. అవతలికి మడవడం చావు భోజనాల్లోనే. అంత కోపం నాకు లేదు. మడవకుండా తెరిచి వదిలేసి లేచాను. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా అంతే. హోటలాయన క్షమించమనేదాకా ఆ హోటల్లో నేను విస్తరి మడిచేది లేదని నిశ్చయించుకున్నాను.

అలాంటప్పుడు వేరే హోటలుకి పోకూడదా అని మీరు అడగవచ్చు. పోయాను. స్టేషను దగ్గర పూరీ, బంగాళాదుంప కూర బాగానే ఉండేవి. ఇంకోచోట పెసరట్టు కూడా బాగుండేది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్ళు గంటస్తంభం వైపే నడిచేవి.

తప్పంతా వంటాయనది. పాతపట్నం దగ్గర పల్లెటూరి మనిషి. తలకి తుండు చుట్టుకుని, గరిటె పట్టుకుని, వంటింటి గుమ్మంలోంచి బంతిని తనిఖీ చేసేవాడు. పప్పులో గుమ్మడికాయ, అరటికాయ, వంకాయ వేసి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లి డాల్మా అనేవాడు. ఒరియా వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడట. ఆ వాసన సందు మొదట్లోకే వచ్చేది. ఇక తన గురించి తాను చెప్పుకోవడంలో ఆయనకి మొహమాటం లేదు.

"నా సేతి కూర తిన్నోడు ఇంటికెల్లి పెల్లాం కూరకి వంక పెడతాడు," అనేవాడు.

"పప్పులో ఉప్పు తగ్గింది," అనేవాణ్ణి నేను.

"తగ్గనేదు. తవరి నోరు తగ్గినాది."

"మారు వడ్డించండి, చూస్తాను."

"బాగునేదన్న పప్పు రెండోసారెందుకు బాబూ?"

బంతంతా నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాదు. రెండోసారి వడ్డించిన పప్పు పూర్తిగా తిని, విస్తరి మడవకుండా లేచేవాణ్ణి. ఆయన గుమ్మంలోంచి దాని వంక చూసి లోపలికి పోయేవాడు.

మరుసటి ఏడాది పనస కాలంలో, ఒక మధ్యాహ్నం భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. నూతి దగ్గర హోటలాయన, వంటాయన తగువులాడుకుంటున్నారు. ఇద్దరికీ చుట్టరికం లేదు గాని మావా అనే పిలుచుకునేవారు.

"మావా, నీ కూర సల్లారీసరికి నా మొదటి బంతి లెగిసిపోతన్నాది. కూరేదని నన్నడుగుతన్నారు. రేపు మొదటి బంతికి కూర పడాల. నేదా, పాతపట్నం బస్సెక్కీ."

"పనస ఎస్.కోట బస్సులో వచ్చీసరికే పొద్దెక్కిపోతన్నాది. కొట్టాల, ఉడకెయ్యాల, పోపెయ్యాల. ఏడి మీద ఆవ కలిపితే సేదెక్కిపోద్ది."

"కలిపీ. తినీవోలికి తెల్దు."

"ఆ మడవని బాబుకి తెలుస్తాది," అన్నాడు వంటాయన.

నేను అక్కడ ఉన్నానని వాళ్ళు చూడలేదు. చెయ్యి కడుక్కోకుండానే వచ్చేశాను. దారంతా అదే ఆలోచన. ఆయన బస్సెక్కితే ఆ కూర, ఆ డాల్మా కూడా ఆ బస్సులోనే పోతాయి. హోటలాయన మీద కోపం ఇంకాస్త పెరిగింది.

మర్నాడు తొందరగా వెళ్ళి, మొదటి బంతిలో, నన్ను లేపిన ఆ చివరి చోటే కూర్చున్నాను. డాల్మా వచ్చింది, పచ్చడి వచ్చింది, పులుసు వచ్చింది. కూర రాలేదు. పెరటి గుమ్మంలోంచి చూస్తే బాణలి నూతి గట్టు మీద గాలికి పెట్టి ఉంది. వంటాయన పక్కనే గొంతుక్కూర్చుని, నూరిన ఆవముద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బాణలికి మాటిమాటికీ అరచెయ్యి తాకించి చూస్తున్నాడు. హోటలాయన పెరటికీ హాలుకీ మధ్య తిరుగుతున్నాడు.

"బాబూ, మజ్జిగ పొయ్యమంటారా?"

"కూర రానివ్వండి."

"కూర రెండో బంతికి వస్తాది బాబూ."

"అయితే రెండో బంతిదాకా ఇక్కడే కూర్చుంటాను. నన్ను ఇక్కడి నుంచి ఒకసారి లేపారు. రెండోసారి లేవను."

నా పక్కన బట్టల కొట్టాయన మజ్జిగ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకూ వద్దు. ఈయన ఏదీ బాగుందననోడు. ఈయనే కూకున్నాడంటే ఆ కూరలో ఏటో ఉన్నాది."

ఆ మాట బంతంతా పాకింది. మజ్జిగ అన్నంలోకి వచ్చినవాళ్ళు కూడా చేతులు పైకెత్తి కూర్చున్నారు.

"ఒరే మావా, తేరా కూర!" అని హోటలాయన పెరట్లోకి అరిచాడు.

"సల్లారనేదు!" అని అక్కడి నుంచి జవాబు.

చేతులకి అంటుకున్న అన్నం ఎండిపోయింది. గుమ్మంలో రెండో బంతి పోగయింది. వాళ్ళలో ముందు నిలబడ్డది బెల్లం షావుకారే.

"ఏటయ్యా, నానెంతసేపు నిలబడాల? ఆ బాబుని కూసింత లెగమను," అన్నాడు.

"అన్నం వడ్డించాక ఎలా లేస్తానండీ?" అన్నాను నేను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో హోటలాయనకి తెలుస్తుందని ఆయన ముఖంలోకి చూశాను. తెలియలేదు. నన్ను లేపిన సంగతే ఆయనకి గుర్తు లేదు. లేపినదానికన్నా అది ఎక్కువ బాధ పెట్టింది.

చివరికి బాణలి లోపలికి వచ్చింది. వంటాయన అందరి ఎదుటా ఆవముద్ద వేసి, పచ్చినూనె చుట్టూ పోసి, చేత్తోనే కలిపాడు. ఘాటు బంతి మొదటి నుంచి చివరి దాకా పాకింది. కొట్టాయన తుమ్మాడు. మళ్ళీ వేడన్నం పెట్టించుకున్నాం. ఆ తర్వాత హాలంతా ముక్కులు ఎగబీల్చడం, "ఇంకాస్త" అనడమే. కూరలో చేదన్నది ఎక్కడా లేదు. నా జీవితంలో అంతకన్నా మంచి కూర తినలేదు. ఇది పొగడ్త కాదు, ఉన్నమాట.

విస్తరి పై అంచు పట్టుకుని నావైపు మడిచాను.

"మడిసినారు!" అని కేకేశాడు హోటలాయన. "బాబు మడిసినారు! ఒరే మావా, సూడు!" అటు తిరిగి, గుమ్మంలో ఉన్నవాళ్ళకి చెప్పాడు. "పనసపొట్టు రోజున బంతి ఆలీసంగా ఏస్తాం. కూర సల్లారినాకే. అందరికీ సెప్పండి."

నేను మడిచిన విస్తరి తీసుకుని, ఆయన పక్క నుంచి నడిచి, వంటాయన ముందు నిలబడ్డాను.

"ఇది మీకు. ఆయనకి కాదు."

"మరి ఉప్పు సరిపోయినాదా?"

"కాస్త ఎక్కువైంది."

"అబద్దం!" అన్నాడు. ఆవ చేత్తో కళ్ళు తుడుచుకుని, ఆ మంటకి ఇంకా తిట్టుకుంటూ పెరట్లోకి పోయాడు.

మర్నాడు గుత్తివంకాయ కూర. అదీ చాలా బాగుంది. హోటలాయన బల్ల దగ్గరే నిలబడి చూస్తున్నాడు. రెండుసార్లు వడ్డించుకుని తిని, విస్తరి మడవకుండా లేచాను.