ఏడో కిలోమీటరు దగ్గర ఆగే ఇంజిను

జాల్యా సైకిలుకు బిగించిన ఇంజిను ఏడో కిలోమీటరు దగ్గర ఆగిపోతోంది. పొద్దున తండా నుంచి కేసముద్రం వచ్చేటప్పుడు రైలు గేటు దగ్గర. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు మామిడి తోట కంచె దగ్గర. దసరా వెళ్లినప్పటి నుంచి ఇదే వరస.

జాల్యాకు యాభై రెండేళ్లు. కేసముద్రం శివారులో ఒక పత్తి మిల్లు గేటు, కాంటా చూసుకుంటాడు. మూడేళ్ల క్రితం ఇదే మిల్లులో పత్తి బేలు మీద పడి కుడి మోకాలు నలిగింది. రాడ్డు వేశారు. కాలు సగమే వంగుతుంది. పెడలు తొక్కలేడు, మోటార్ సైకిలు మీద కాలు మోపి నిలబెట్టలేడు. తండా నుంచి ఆటోలు తొమ్మిది దాటితే గానీ కదలవు. మిల్లు గేటు ఎనిమిదికి తెరవాలి. మధ్యన పదకొండు కిలోమీటర్లు. ఆ దూరానికి అతనికి ఉన్నది ఈ ఇంజిను ఒక్కటే.

అది భూపాలపల్లి నుంచి వచ్చింది. మోకాలు బాగున్న రోజుల్లో జాల్యా చెల్పూర్ కరెంటు ప్లాంటులో రెండేళ్లు కాంట్రాక్టు కూలీగా చేశాడు. అక్కడ పరిచయమైన వెల్డరు ఒకడు తన సైకిలుకు ఈ చిన్న ఇంజిను కట్టుకున్నాడు. తర్వాత బండి కొనుక్కుని, దీన్ని జాల్యాకు ఇచ్చేశాడు. పత్తి చేలల్లో మందు కొట్టే పంపు లాగే ఇదీ పెట్రోలులో నూనె కలిపి పోస్తే నడుస్తుంది. తండా ముందు ఏటవాలు ఉంది. క్లచ్ పట్టుకుని సైకిలును జారనిచ్చి, వేగం అందగానే వదిలితే అంటుకుంటుంది. చదును మీద అయితే ఎవరైనా వెనక నుంచి తోయాలి.

మూడుసార్లు ఆలస్యమయ్యాక సూపర్‌వైజరు ప్రశాంత్ పిలిచాడు. ముప్పై ఏళ్లవాడు, గట్టిగా మాట్లాడడు.

"అన్నా, నీ కాలు జూసి ఊకున్న. లోడు బండ్లు రోడ్డు మీద ఆగినయంటే సేటు నన్ను అడుగుతడు. ఈ సోమవారం సంది ఒక్కసారి ఎనిమిది దాటినా గేటు మంగీలాల్ చూసుకుంటడు."

మంగీలాల్ అదే మిల్లులో హమాలీ. నడుము నొప్పి మొదలైన నాటి నుంచి అతని కన్ను గేటు మీదే ఉంది.

"ఇంజిను దగ్గుతుంది సారూ, గంతే," అన్నాడు జాల్యా.

"దానికి దగ్గు మందు తాపియ్యి మరి."

మందు తాపే మనిషి ముత్తయ్య. మార్కెట్ యార్డు వెనక మందు పంపులు బాగుచేస్తాడు. జాల్యా చెప్పింది విని, వేడి పోయేందుకు ఇంజిను చుట్టూ ఉన్న రెక్కల మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఏడు కిలోమీటర్లకు వేడెక్కి పట్టేస్తుంది నాయక్. నూనె చాలుత లేదు."

నూనె పెంచాడు. ఇంజిను ఇటుక బట్టీలా పొగ కక్కింది, ఏడో కిలోమీటరు దగ్గర ఆగింది. ప్లగ్గు విప్పితే బొగ్గులా ఉంది. నూనె తగ్గించి, కార్బొరేటరులో సూదిని ఒక మెట్టు దించాడు. ఈసారి ప్లగ్గు బూడిద రంగుకు తిరిగింది, చదును మీద ఇంజిను కీచుమంది, మళ్లీ అక్కడే ఆగింది. ముత్తయ్య సైకిలును స్టాండు మీద ఎక్కించి, టాంకీ మూత తీసి పక్కన పెట్టి, పెట్రోలు పోసి అరగంట ఆపకుండా నడిపించాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు.

"నా దగ్గర మంచిగనే నడవవట్టె. నువ్వెక్కితేనే దీనికి రోగం. జర బరువు తగ్గు."

ఇంటి దగ్గర కూడా జాల్యాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇంజినును భాగాలుగా విప్పి పెట్రోలులో కడిగి మళ్లీ బిగించాడు. టాంకీ కడిగాడు, పైపు మార్చాడు, పొగ గొట్టంలో మసి గీకాడు. దసరా నాడు భార్య చాందీ పెట్టిన పసుపు కుంకుమ ఒక్కటే వదిలి, మిగతా అంతా తుడిచాడు. అన్నం సగంలో లేచి వెళ్లి తీగెలు కదిపి చూసేవాడు.

"తిన్నంక చూడరాదు? అదేడికి పోతది?" అంది చాందీ.

"ఏడికీ పోదు. గదే బాధ."

ఆదివారం రైలెక్కి జనగామ వెళ్లాడు. పాత సామాన్ల దుకాణంలో వెతికి ఇంకో కార్బొరేటరు తెచ్చి, చీకటి పడేలోపు బిగించాడు.

సోమవారం అరగంట ముందే బయలుదేరాడు. రైలు గేటు దగ్గర ఇంజిను ఆగింది.

గేటు పక్కన పెంటమ్మ చాయ్ కొట్టు ఉంది. అరవై దాటిన మనిషి. నెల రోజులుగా ఆమె చెయ్యి పెట్టి తోస్తేనే సైకిలు మళ్లీ కదులుతోంది. జాల్యా రోజూ చేసినట్టే మూత తీసి లోపల పెట్రోలు చూశాడు. సగానికి పైగా ఉంది. మూతను బల్ల మీద పెట్టి ప్లగ్గు తీగె ఊపుతుండగా, గేటు మనిషి కేక వేశాడు. గూడ్సు వస్తోంది, గేటు పడితే పావుగంట. పెంటమ్మ వెనక నుంచి తోసింది. ఇంజిను అంటుకుంది. పట్టాలు దాటాక చూస్తే మూత లేదు. వెనక గేటు పడిపోయింది. భుజం మీది తువ్వాలు కొస టాంకీ నోట్లో కుక్కి వెళ్లిపోయాడు. మిల్లు గేటు తెరిచేసరికి ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ.

సాయంత్రం పెంటమ్మ మూత ఇచ్చింది. "నీ ఇంజిను టోపీ మర్చిపోయినవ్ తమ్మీ."

మూత బిగించుకుని బయలుదేరాడు. మామిడి తోట వచ్చింది, పోయింది. ఇంజిను ఆగలేదు. తండా దాకా ఒకే ఊపున వెళ్లింది. జనగామ కార్బొరేటరు పనిచేసిందని చాందీకి చెప్పాడు. ఆ పూట అన్నం పూర్తిగా తిన్నాడు.

మంగళవారం పొద్దున రైలు గేటు దగ్గర ఇంజిను ఆగింది.

ఏడు ముప్పై ఐదు. జాల్యా పెంటమ్మ బల్ల మీద కూలబడ్డాడు. విప్పని నట్టు లేదు, మార్చని సామాను లేదు.

"నిన్న ఈడి నుంచి మంచిగనే పోయినవ్ గదా," అంది పెంటమ్మ.

"పోయిన. వచ్చిన. మామిడి తోట కాడ గూడ ఆగలే."

"మరి నిన్న ఉన్నదేంది, ఇయ్యాల లేనిదేంది?"

"నిన్న లేనిదే ఇయ్యాల ఉన్నదక్కా. నిన్న మిల్లు నుంచి ఈడి దాకా మూత లేకుంటనే వచ్చిన."

అని మూత మీద చెయ్యి వేసి తిప్పాడు. రైలేదీ లేదు, రోడ్డు మీద లారీ లేదు. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇన్నాళ్లూ మూత తీశాడు గానీ వినలేదు.

మూతను వెలుతురుకు పట్టి చూశాడు. టాంకీ మూత నడి మధ్యన గుండుసూది దూరేంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ పైనుంచి అంత గాలి లోపలికి పోవాలి. పోకపోతే కాసేపటికి పెట్రోలు దిగడం మానేస్తుంది. ఆ రంధ్రం మీద, సరిగ్గా నట్టనడుమ, చాందీ దసరాకు పసుపు ముద్ద అద్ది కుంకుమ పెట్టింది. ప్రతి శుక్రవారం పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెడుతూ వచ్చింది. అది ఎండి పెంకు కట్టింది. బయలుదేరే ముందూ, ఆగినప్పుడల్లా మూత తీసి పెట్రోలు చూసింది తనే. గాలి అందించిందీ తనే. ముత్తయ్య మూత పక్కన పెట్టి నడిపించాడు కాబట్టి అక్కడ రోగమే కనిపించలేదు.

"ఇంటిదాని బొట్టు," అన్నాడు.

పెంటమ్మ వంగి చూసింది. "బొట్టు తుడుస్తవా?"

"తుడవను. బొక్క చేస్త."

ఆమె జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. కుంకుమ చెరగకుండా మధ్యలో గుచ్చి తిప్పాడు, నోటితో ఊదాడు. మూత బిగించాడు. ఏడు నలభై ఆరు. పెంటమ్మ తోసింది.

మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. మంగీలాల్ అప్పటికే గేటు పక్కన నిలబడి ఉన్నాడు. తాళంచెవి అడగలేదు, కానీ చెయ్యి జేబులోంచి తీసే ఉంచాడు. జాల్యా గేటు తెరిచాడు.

రోజంతా మనసు పనిలో లేదు. రైలు గేటు నుంచి మిల్లుకు నాలుగు కిలోమీటర్లే. నాలుగు ఎప్పుడూ నడుస్తుంది. నాలుగుతో ఏమీ తేలదు. రెండు లారీల చీటీలు తారుమారుగా రాసి, కొట్టివేసి మళ్లీ రాశాడు. మధ్యాహ్నం మూడుసార్లు సైకిలు దగ్గరికి వెళ్లి, మూత మీది బొక్కలో పిన్నీసు తిప్పి వచ్చాడు.

సాయంత్రం బయలుదేరాడు. పెంటమ్మ కొట్టు దగ్గర ఆగలేదు, ఆగితే లెక్క తప్పుతుంది. ఆమె చెయ్యి ఊపింది. ఐదో కిలోమీటరు. ఆరు. మామిడి తోట కంచె మొదలైంది. ఎడమ చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. కంచె అయిపోయింది. తండా దాకా ఇంజిను ఒకే గొంతుతో నడిచింది.

చాందీకి మూత చూపించి చెప్పాడు. ఆమె బొట్టు మధ్యలోని బొక్కను వేలితో తడిమింది.

"నడుమ ఉన్నదని నొసలనుకున్న," అంది. "ముక్కని నాకెట్ల ఎరుక?"

శుక్రవారం బొట్టు హ్యాండిలు మీదికి మారింది.

"దగ్గు తగ్గిందా అన్నా?" అని ప్రశాంత్ అడిగాడు.

"దగ్గు కాదు సారూ. ముక్కు మూసుకపోయింది."

పత్తి సీజను ఇంకా రెండు నెలలు ఉంది. జాల్యా ఇప్పుడు ఎనిమిదికి పది నిమిషాల ముందే వస్తున్నాడు. మంగీలాల్ కూడా అంతకు ముందే వచ్చి గేటు పక్కన నిలబడుతున్నాడు. రోడ్డు మలుపులో ఇంజిను చప్పుడు వినిపించగానే మంగీలాల్ బీడీ పారేసి హమాలీల షెడ్డు వైపు నడుస్తాడు.