ఇద్దరు బాగుచేసిన కుర్చీ

మా బావ నోట్లోంచి ఒక మాట రాబట్టడం కన్నా ఆయన చేత కాలిపోయిన మోటారు బాగుచేయించుకోవడం తేలిక. ఆయన పనే అది, మోటారు వైండింగ్. చేసిన పని చెప్పడు, చేయబోయేదీ చెప్పడు. కారే కుళాయి ఓ రోజు కారడం మానేస్తుంది, మాకు అదే కబురు. నేను ఆయన మరదలిని. వాళ్ళింట్లోనే ముందుగదిలో కుట్టుమిషన్ వేసుకుని ఉంటున్నాను కాబట్టి ఆయన్ని నాలుగు మాటలనే హక్కు నాకు బాగానే ఉంది.

అక్క ఒక ఫ్యాక్టరీలో వైర్లకు సోల్డరింగ్ చేసేది. అది మూతపడింది. దగ్గర్లోని స్కూలువాళ్ళకు వ్యాను నడిపే మనిషి కావలసి వచ్చింది. లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం నీదే, నెలాఖరు దాకా చూస్తాం అన్నారు. అక్కకు బండి నడపడం వచ్చు. మలుపులూ వచ్చు. ఎత్తు మీద ఆపి మళ్ళీ ముందుకు తీయమంటే మాత్రం చేతులాడవు. బండి వెనక్కి జారిపోతుంది. టెస్టులో రెండుసార్లూ అక్కడే తప్పింది. రెండోసారి ఇంటికొచ్చి వంటగది తలుపేసుకుని ఏడ్చింది.

"ఇంక నావల్ల కాదే" అంది నాతో.

బావ అన్నం తిని, చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మంచిమాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

మర్నాడు సాయంత్రం ఒక పాత కారు సీటు మోసుకొచ్చాడు. ఆ తర్వాత రెండు వైపర్ మోటార్లు, కంప్యూటరు తెర, బొమ్మ స్టీరింగు, పెడల్సు వచ్చాయి. నా కుట్టుమిషన్ మూలకు పోయింది. "ఏంటి బావా ఇదంతా?" అన్నాను. "కుర్చీ" అన్నాడు. అబ్బో, నాకు తెలియక అడిగాను!

ఇంట్లో కూర్చుని బండి నడపడం సాధన చేసే కుర్చీ అని అక్కే విడమరిచి చెప్పింది. తెరమీద ఆటలో మనం నడిపే బండి ఎత్తు ఎక్కితే సీటు వెనక్కి వాలుతుందట. బండి జారితే అదురుతుందట. సీటు ఎంత వాలిందో కనిపెట్టడానికి ఒక్కో మోటారుకు ఒక్కో సెన్సారు ఉంది, రేడియోలో సౌండు పెంచే నాబ్ లాంటిది. అది చెప్పినదాన్ని బట్టి కంట్రోలర్ కార్డు మోటారును తిప్పుతుంది, చాలనుకున్నచోట ఆపుతుంది. అక్క సాయం చేయబోతే బావ ఒప్పుకోలేదు. "నువ్వు డ్రైవింగ్ చూసుకో. తీగలు నేను చూసుకుంటా" అన్నాడు. ఆ నెలకు అదే ఆయన ఉపన్యాసం.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు సీట్లో కూర్చున్నది నేను. ఇలాంటివాటికి మరదలు గుర్తొస్తుంది కదా! సీటు కొంచెం వాలి ఆగాలి. ఆగితేగా? దడాల్న చివరిదాకా పోయి కొట్టుకుంది. నా కాళ్ళు పైకి లేచాయి. "ఆపండి బాబోయ్!" అని అరిచాను. అక్క ప్లగ్గు పీకేసి, ఆ కరెంటు వైరు బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ముగ్గురం ఇంట్లో ఉంటేనే స్విచ్ వేసేది" అంది. బావ తలూపాడు.

మర్నాడు పొద్దున బావ సీటు కింద దూరి ఏదో చేసి షాపుకు పోయాడు. మధ్యాహ్నం అక్క అదే సీటు కింద దూరింది. నేను ప్యాంటుకు జిప్పు కుడుతూ చూశాను, మొగుడూ పెళ్ళాల మధ్య నాకెందుకని ఊరుకున్నాను. సాయంత్రం సీట్లో నా బదులు బట్టల మూటను కూర్చోబెట్టాను. మళ్ళీ దడాల్. ఇక రోజూ ఇదే వరస. పొద్దున ఆయన, మధ్యాహ్నం ఈవిడ, సాయంత్రం మూట ఎగిరి కింద పడటం.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర బావ "కార్డే పోయింది. వెనక్కి పంపి కొత్తది తెప్పిస్తా" అన్నాడు.

"అది వచ్చేసరికి నెల దాటిపోతుందండీ" అంది అక్క. "వదిలేయండి. స్కూలువాళ్ళకు రానని చెప్పేస్తాను."

నాకు తిక్క రేగింది. "ఏంటి చెప్పేసేది? ఇద్దరూ వంతులేసుకుని రోజూ ఆ తీగలు పీకి పెడుతున్నారుగా! ఇన్నాళ్ళూ చేసిందేంటి మరి?"

అక్క చేయి కంచంలోనే ఆగిపోయింది. "వంతులేంటే? ఆయనెప్పుడు ముట్టుకున్నారు?"

"నువ్వేం చేశావ్?" అన్నాడు బావ.

"సెన్సార్ల రెండు చివర్ల తీగలు అటువి ఇటు మార్చాను. మీరు తిరగేసి కలిపారని చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

బావ కంచం పక్కకు జరిపాడు. "నేను మోటారు తీగలు మార్చా. తీగల పనిలో నీ ముందు తప్పు చేశానని ఎలా చెప్పను?"

మోటారు ఒక వైపు తిరిగితే సెన్సారు ఇంకో వైపని చెబుతోందట, అదీ లోపం. ఏదో ఒకటి మార్చి ఉంటే కుర్చీ బాగయ్యేది. రెండూ మారిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. మర్నాడు ఎవరికి వారు తాము చేసిందే తప్పేమోనని మళ్ళీ వెనక్కి మార్చారు. అప్పుడూ మొదటికే! పాపం, ఏ తప్పూ లేని కార్డును ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్నాం. నవ్వి నవ్వి నాకు పొలమారింది.

కంచాలు కూడా తీయకుండా ఇద్దరూ సీటు కింద దూరారు. అక్క తీగలు మారుస్తుంటే బావ టార్చి పట్టుకున్నాడు. స్విచ్ వేశారు. సీటు మెల్లగా వాలి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

ఆ రోజు నుంచి తీరిక దొరికితే చాలు, అక్క ఆ సీట్లోనే. నా మిషన్ చప్పుడూ దాని మోటార్ల చప్పుడూ కలిసి ఇల్లు మారుమోగిపోయేది. టెస్టులో ఎత్తు మీద బండిని ఆపింది, తీసింది. పాసైంది.

స్కూలువాళ్ళు వ్యాను ఇచ్చి, పిల్లల్ని ఎక్కించే ముందు ఓసారి దారంతా తిప్పి చూసుకోమన్నారు. అక్క పక్కన బావ, వెనక నేను. వంతెన ఎక్కుతుంటే ముందు లారీ ఆగిపోయింది. సరిగ్గా ఎత్తు మధ్యలో ఆగిపోయాం. వెనక బళ్ళవాళ్ళు ఒకటే హారన్లు. బావ తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"భయంగా ఉందా అండీ?" అంది అక్క, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

తల అడ్డంగా ఊపి ఊరుకుంటాడనుకున్నాను.

"ఉంది" అన్నాడు బావ. కాసేపాగి, "చాలా ఉంది. అయినా నువ్వు నడుపుతావు. పోనీ" అన్నాడు.

లారీ కదిలింది. అక్క కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి స్టీరింగు మీదనుంచి చేయి తీయకుండా, వ్యానును జానెడు కూడా జారనివ్వకుండా పైకి తీసుకుపోయింది.