కాలని డబ్బా మీద రాసిన చీటీ

నేను కాల్చని స్పీకరును నేనే కాల్చానని జనగామ దుకాణంవాళ్లు చీటీ రాసి ముద్ర వేసి ఇచ్చారు. "లోకల్ మెకానిక్ విప్పడం వల్ల కాలిపోయినది." అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఆ స్పీకరు సెట్టు మహబూబాబాద్‌లో మా పక్క వీధి అతనిది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. సెలవులకు వచ్చినప్పుడు సినిమాలు చూడటానికి జనగామలో హోం థియేటర్ కొన్నాడు. రిసీవరు, చిన్న స్పీకర్లు, దబదబమనే బరువైన శబ్దానికి మోకాలెత్తు సబ్‌వూఫర్ డబ్బా. అన్నీ పలికాయి, ఆ డబ్బా పలకలేదు. నన్ను పిలిచాడు. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. రేడియో విద్య పాత పత్రికలు ముందేసుకొని నేర్చుకున్నదే. డబ్బా స్క్రూలు విప్పితే లోపల స్పీకరూ రెండు వైర్లూ తప్ప ఏమీ లేదు. కరెంటు వైరు కూడా లేదు. అది సొంత బలం లేని రకం. రిసీవరు నుంచి దానికొచ్చే సిగ్నల్ చీమంత. మధ్యలో ఆంప్లిఫయర్ లేకపోతే అంత పెద్ద స్పీకరు కదలదు.

"డబ్బ మంచిగనే ఉన్నది తమ్మీ. నడుమ పెట్టే ఆంప్లిఫయర్ ఏదని దుకాణపోళ్లను అడుగు" అన్నాను. డబ్బా ఎత్తుకొని జనగామ పోయినవాడు డబ్బాతోపాటు ఆ చీటీ కూడా తెచ్చాడు. చీటీ సంగతి ఊరంతా పాకింది.

మరుసటి వారమే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బాయిలు, బస్సులు, బడులు అన్నీ బంద్. మా ఊళ్లో దీక్షా శిబిరం వేశారు. అంతకుముందు ఏ సభ జరిగినా మైకు నా చేతిలోనే ఉండేది. అలవాటుగా వైరు చుట్ట భుజాన వేసుకొని పోయాను.

"అగో, స్పీకర్లు కాల్చే అన్న వచ్చిండు! మైకు జర దూరం జరుపుండ్రి" అన్నాడొకడు. అందరూ నవ్వారు. శిబిరం చూసుకునే పంతులు నవ్వలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

"ఏమనుకోకే అన్నా. ఉన్నది ఒక్కటే మైకు. దుకాణపోళ్లు కాగితం మీద రాసిచ్చిన్రు కద" అన్నాడు.

మన మాటకు విలువ లేదని కూర్చున్న చోటే నా మాటకు విలువ లేకుండా పోయింది.

బాయిలు బంద్ కాబట్టి ఊళ్లోనే ఉన్న ఆ బాయి పనివాడితో డబ్బా శిబిరానికి మోయించుకొచ్చాను. పట్టపగలు, అందరి ముందు, టార్చిలైటు సెల్లు తీసి దాని వైర్లకు అంటించాను. "దబ్" మని స్పీకరు ముందుకు దుమికింది. తీస్తే లోపలికి పోయింది. మళ్లీ అంటించాను.

ముందు వరుసలోని అవ్వ ఒకామె, "సచ్చిందన్నరు గదనే, గిట్ల దుంకవట్టె!" అంది.

"గీ మైకు ఆంప్లిఫయర్ జరసేపు ఇయ్యి, పాట గూడ పలికిస్త" అన్నాను పంతులుతో.

ఆయన తల దించుకున్నాడు. "కాగితం తెప్పియ్యన్నా. తప్పు రాసినోళ్లే దిద్ది రాయాలె."

అది న్యాయమే అనిపించింది. అందుకే కోపం రెట్టింపయింది. శిబిరంలో అందరి ముందు సెల్లుతో ఏం చేశానో రాసి, ఆంప్లిఫయర్ ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి జనగామకు ఉత్తరం వేశాను. జవాబు లేదు. ఇంకొకటి వేశాను. పోయి నిలదీద్దామంటే బస్సులు లేవు, రైళ్లు ఆపేస్తున్నారు. సమ్మె సాగినన్నాళ్లూ శిబిరంలో వెనక వరుసలో కూర్చున్నాను. మైకు కీచుమన్నప్పుడల్లా నా చేతులు ఒళ్లో కదిలేవి. ఎవరూ పిలవలేదు.

జవాబు వచ్చేసరికి సమ్మె ముగిసింది. బాయి పనివాడు భూపాలపల్లి పోయాడు. శిబిరం గుంజలు పీకిన చోట గుంతలు మిగిలాయి. వాటి దగ్గరే నిలబడి చదువుకున్నాను.

"మీరు చెప్పిన డబ్బా కాలలేదు. దానికి వేరే ఆంప్లిఫయర్ కావాలని మాకే తెలియక అమ్మినాము. మీ మీద రాసినది తప్పు. ఈ కాగితం మీ శిబిరంలో అందరికీ చూపించుకోగలరు."